పర్యాటక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ: మన ఆర్కిటెక్టుల హైదరాబాద్‌కు ఒక మ్యాప్ కావాలి

గౌరవనీయులైన తెలంగాణ పర్యాటక, సాంస్కృతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

ఇక్కడే పనిచేసిన ఆర్కిటెక్టులు, ఇంజనీర్లు హైదరాబాద్‌లో కట్టిన భవనాలనీ ఇళ్లనీ ఎవరికి వాళ్లు నడుచుకుంటూ చూసి వచ్చేలా ఒక మ్యాప్ వేయించమని కోరుతూ ఈ ఉత్తరం రాస్తున్నాను. దీనికి గైడు అక్కర్లేదు, టికెట్ అక్కర్లేదు, ప్రత్యేకంగా బస్సు వేయనక్కర్లేదు. చేతిలో ఒక మ్యాప్, భవనం ముందు ఒక చిన్న బోర్డు ఉంటే చాలు. బోర్డు మీద ఆ కట్టడం ఏ ఏట లేచింది, ఎవరు డిజైన్ చేశారు అన్న రెండు ముక్కలు తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో రాయించండి.

ఊరి నుంచి చుట్టాలొస్తే మనం ఎక్కడికి తీసుకెళ్తామో మీకు తెలుసు. చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా, గోల్కొండ, కుతుబ్‌షాహీ సమాధులు. వాటి గొప్పతనం గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. అయితే గోల్కొండ కాలానికీ హైటెక్ సిటీ కాలానికీ మధ్య ఇంకో హైదరాబాద్ ఉంది. మనం రోజూ బస్సులో దాని పక్కనుంచే వెళ్తాం, దాని ఆసుపత్రుల్లో మందులు తెచ్చుకుంటాం, దాని కాలేజీల్లో చదువుకుంటాం. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేల మందిని పొట్టన పెట్టుకున్న తర్వాత ఈ ఊరు మళ్లీ కట్టుకున్న హైదరాబాద్ అది. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టి ఇరుకు బస్తీల్లో రోడ్లు వెడల్పు చేశారు, కొత్త కాలనీలు వేశారు, మార్కెట్లు కట్టారు. నది ఒడ్డున హైకోర్టు, సిటీ కాలేజీ, ఉస్మానియా ఆసుపత్రి లేచాయి. ఆ తర్వాత యాభై, అరవై ఏళ్ల పాటు ఇక్కడ కట్టిన ప్రతి మంచి భవనం వెనకా ఒక బుర్ర, ఒక డ్రాయింగ్ బోర్డు ఉన్నాయి. ఆ పేర్లే మనకు ఎక్కడా కనబడవు.

హైకోర్టు సంగతే తీసుకోండి. ప్లాను గీసింది జైపూర్‌కు చెందిన శంకర్‌లాల్. దాన్ని నిలబెట్టింది మన ఊరి ఇంజనీరు మెహర్ అలీ ఫాజిల్. 1915లో మొదలుపెట్టి 1919లో పూర్తి చేశారు. ఆ రోజుల్లో నిజాం ప్రభుత్వంలో పనిచేసిన ఇంగ్లీషు ఆర్కిటెక్ట్ విన్సెంట్ ఎష్ పేరు కొద్దిమందికైనా తెలుసు. కాచిగూడ రైల్వే స్టేషన్ ఆయనదే అని రైల్వే మీద ఇష్టం ఉన్నవాళ్లు చెబుతారు. మెహర్ అలీ ఫాజిల్ ఎవరని అడిగితే హైకోర్టు గేటు ముందు టీ అమ్మే ఆయన నుంచి లోపల వాదించే లాయరు గారి దాకా ఎంతమంది చెప్పగలరు? తప్పు వాళ్లది కాదు. చెప్పే బోర్డు ఎక్కడా లేదు.

ఆర్ట్స్ కాలేజీ ముందు ఫొటో దిగని ఉస్మానియా విద్యార్థి ఉండడు. ఆ భవనం కథ తెలిస్తే ఆ ఫొటోకి ఇంకో విలువ వస్తుంది. యూనివర్సిటీ ఎలా కట్టాలో చూసి రమ్మని నిజాం ప్రభుత్వం ఇద్దరిని దేశాల మీదికి పంపింది. ఒకరు ఆర్కిటెక్ట్ జైన్ యార్ జంగ్, ఇంకొకరు ఇంజనీరు సయ్యద్ అలీ రజా. యూరప్, అమెరికా, జపాన్ తిరిగి, ఈజిప్టులో బెల్జియం ఆర్కిటెక్ట్ ఎర్నెస్ట్ జాస్పర్‌ను కలిశారు. కైరో పక్కన హీలియోపొలిస్ అనే కొత్త ఊరికి భవనాలు గీసిన మనిషి ఆయన. జాస్పర్ ఇక్కడికి వచ్చి డిజైన్ ఇచ్చాడు. ఆయన వెళ్లిపోయాక పని మొత్తం జైన్ యార్ జంగ్ చేతుల మీదుగా నడిచింది. 1934లో శంకుస్థాపన, 1939 డిసెంబరు 4న ప్రారంభం. ఎల్లోరా, అజంతా స్తంభాల పోలికలు, ముస్లిం కట్టడాల కమానులు ఒకే గులాబీ రంగు గ్రానైట్ గోడలో కలిసిపోయి, ఎక్కడ ఏది మొదలై ఎక్కడ ఏది ముగిసిందో చెప్పలేనట్టు ఉంటాయి. హైదరాబాద్ అంటే గంగా జమునా తెహజీబ్ అని సభల్లో చెబుతుంటాం. ఆ మాటను రాతిలో చూడాలంటే అక్కడికి పోవాలి. అదే జైన్ యార్ జంగ్ 1948లో ఢిల్లీలో హైదరాబాద్ తరఫు ప్రతినిధిగా ఉన్నారు, ఆ తర్వాత హైదరాబాద్ రాష్ట్ర ముఖ్యమంత్రి వెల్లోడి మంత్రివర్గంలో ప్రజా పనుల శాఖ చూశారు. అంటే మీ కుర్చీకి దగ్గరి కుర్చీలో ఒకప్పుడు ఒక ఆర్కిటెక్ట్ కూర్చున్నారు మంత్రి గారూ. ఆర్ట్స్ కాలేజీ మెట్ల దగ్గర ఆయన పేరుతో రెండు లైన్లు రాయించడం పెద్ద పని కాదు.

రవీంద్రభారతి మీ శాఖకు ఇంకా దగ్గర. ఠాగూర్ శతజయంతి ఏడాది, 1961లో మొదలైంది. కూచిపూడి, పద్యనాటకం, అవధానం, సన్మాన సభ, మీ శాఖ జరిపే ఉత్సవాలు, అన్నింటికీ అదే వేదిక. దాన్ని డిజైన్ చేసిన మహమ్మద్ ఫయాజుద్దీన్ స్వాతంత్ర్యానికి ముందే ఈ నగరానికి మాస్టర్ ప్లాన్ రాసిన మనిషి. అరవై ఏళ్లకు పైగా ఆ హాల్లో కళాకారులకు శాలువాలు కప్పుతున్నాం. ఆ హాలును ఊహించిన కళాకారుడి పేరు లోపలికి రాగానే కనబడేలా పెడితే, వచ్చేవాళ్లందరికీ రోజూ తెలుస్తుంది.

ఇక్కడ నేనొక మాట సూటిగా చెప్పాలి. మన ఆఫీసుల్లో, స్కూళ్లలో, ఆసుపత్రుల్లో శిలాఫలకాలు చూస్తుంటాను. ప్రారంభించినవారి పేరు, ముఖ్య అతిథి, అధ్యక్షత, విశిష్ట అతిథులు, కలెక్టర్, కొన్నిచోట్ల కాంట్రాక్టర్ పేరు కూడా ఉంటుంది. డిజైన్ చేసిన ఆర్కిటెక్ట్ పేరు ఉన్న ఫలకాలు నాకు చాలా అరుదుగా తగిలాయి. సినిమాకి వెళ్తే లైట్ బాయ్ దాకా పేర్లు వేస్తారు. వందేళ్లు నిలబడాల్సిన భవనానికి దాన్ని గీసిన మనిషి పేరు వేయకపోవడం అన్యాయం. ఈ ఒక్క అలవాటు మీ శాఖ కట్టే కొత్త భవనాల నుంచి మార్చినా నేను సంతోషిస్తాను. మేస్త్రీ పేరు, రాతిపని వాళ్ల పేర్లు దొరికితే అవీ వేయాలి.

ఇప్పుడు ఇళ్ల సంగతి. నాకు ఎక్కువ బెంగ వీటి గురించే.

నారాయణగూడ, హిమాయత్‌నగర్, బర్కత్‌పురా, చిక్కడపల్లి, దోమలగూడ, అటు మారేడుపల్లి. ఈ వీధుల్లో 1930ల నుంచి 1950ల దాకా ఒక రకం ఇళ్లు లేచాయి. ఆర్కిటెక్టులు వీటిని ఆర్ట్ డెకో అంటారు. అప్పటి హైదరాబాద్ రాష్ట్రంలోని షాబాద్‌లోనే సిమెంట్ ఫ్యాక్టరీ ఉండేది. కాంక్రీటు చేతికి రావడంతో గోడను వంచొచ్చు, సన్‌షేడును మూల తిప్పొచ్చు, పోర్టికోను స్తంభం లేకుండా ముందుకు చాచొచ్చు అని మన ఇంజనీర్లకు అర్థమైంది. లాయర్లు, డాక్టర్లు, కాలేజీ లెక్చరర్లు, ప్రభుత్వ ఉద్యోగులు కట్టించుకున్న ఇళ్లివి. నవాబుల దేవిడీల్లా పెద్దవి కావు. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నట్టు జీవితకాలం కూడబెట్టిన డబ్బుతో ఒక్కసారి కట్టుకున్నవి. అందుకే ప్రతి ఇంటికీ ఒక ముచ్చట ఉంటుంది.

నారాయణగూడ మెట్రో దగ్గర దిగి లోపలి సందుల్లోకి వెళ్తే ఇంకా అలాంటివి కనబడతాయి. ఒక ఇల్లు చెబుతాను. మూల మీద ఉంటుంది. ముందు వరండా అర్ధచంద్రాకారంలో రోడ్డు వైపు తిరిగి ఉంటుంది. మెట్ల గదికి కింది నుంచి పై దాకా ఒకటే నిలువు కిటికీ, దానికి చిన్న చిన్న అద్దాలు. మేడ మీద ఓడ కిటికీలా గుండ్రటిది ఒకటి. కిటికీల మీది సన్‌షేడ్లకు మూడేసి గీతలు తీర్చి, ఇంటి చుట్టూ తిప్పారు. వానకాలంలో నీళ్లు ఆ గీతల అంచు నుంచి బొట్లుబొట్లుగా పడతాయి, గోడ మీదికి జారవు. గేటు గ్రిల్లులో పొద్దుపొడుపు సూర్యుడు, కిరణాలు విసనకర్రలా పరుచుకుని ఉంటాయి. లోపల షాబాద్ బండలు. ఎత్తయిన గోడల పైన వెంటిలేటర్లు, వాటిని లాగే తాళ్లు. పిట్టగోడ నడుమ సిమెంటుతో తీర్చిన ఇంటి పేరు, దాని కింద కట్టిన ఏడు. ఏప్రిల్ ఎండలో ఆ వరండాలో కూర్చుంటే ఫ్యాన్ వేయాలనిపించదు. గాలి ఎటు నుంచి వచ్చి ఎటు పోవాలో ముందే ఆలోచించి కట్టారు. మన కొత్త ఫ్లాట్లలో పొద్దున పది దాటితే ఏసీ వేసుకుంటున్నాం. ఆ వీధి అంతా స్కూలు పిల్లలకు ఒక పాఠం కాగలదు.

అదే వరసలో ఇంకో ఇంటిని డెవలప్‌మెంట్‌కి ఇచ్చారు. జేసీబీ రావడానికి ముందే తలుపులు, కిటికీలు పీకేశారు. టేకు తలుపులు పాత కలప కొనేవాళ్లు పట్టుకుపోయారు. గ్రిల్లులు కిలోల లెక్కన తూకం వేశారు. దారిన పోయే ఒకాయన ఆ గ్రిల్లు మీది నెమలి బొమ్మ చూసి, "అయ్యో, ఇంత బాగుందని ఇన్నేళ్లూ చూడనే లేదు" అన్నాడు. రోజూ అదే దారిన పోయే మనిషి. మ్యాప్ కావాలని నేను పట్టుబడుతున్నది ఆయనలాంటివాళ్ల కోసమే. చూడమని చెప్పేవాళ్లు ఉంటే చూసేవాడు.

యజమానుల మీద నాకు కోపం లేదు. అన్నదమ్ములు నలుగురైతే, పిల్లలు అమెరికాలో ఉంటే, పైకప్పు కారుతుంటే, ఆ ఇంటిని ఎవరు మోస్తారు? పైగా వాళ్లకు ఒక భయం ఉంది. "హెరిటేజ్ అని ముద్ర వేస్తే రేపు అమ్ముకోలేం, ఒక గోడ కూడా కదపలేం" అని. 1981 నాటి పట్టణాభివృద్ధి నిబంధనల్లో 13వ నిబంధన కింద హెరిటేజ్ జాబితా ఉన్న రోజుల్లోనే ఈ భయం మొదలైంది. 2015 డిసెంబరులో ఆ నిబంధన తీసేశారు, 2017లో కొత్త హెరిటేజ్ చట్టం వచ్చింది, భయం మాత్రం పోలేదు. అందువల్ల నా విన్నపం ఒకటే. ఈ మ్యాప్‌ను చట్టపరమైన జాబితాతో కలపకండి. యజమాని ఒప్పుకుంటేనే ఇల్లు మ్యాప్‌లోకి రావాలి, వద్దంటే తీసేయాలి. మ్యాప్‌లో ఉన్నంత మాత్రాన అమ్మకానికీ మరమ్మతుకీ ఎలాంటి అడ్డంకీ ఉండదని ప్రభుత్వం రాతపూర్వకంగా చెప్పాలి. ఇంటి బయటి నుంచి, ఫుట్‌పాత్ మీద నిలబడి చూడటమే. గేటు తట్టకూడదు, లోపలివాళ్ల ఫొటోలు తీయకూడదు. పెద్దవాళ్లు ఒంటరిగా ఉండే ఇళ్లు ఇవి, వాళ్ల భద్రత మనకు ముఖ్యం. ఒప్పుకున్న యజమానికి ఆస్తి పన్నులో కొంత తగ్గింపు ఇప్పించగలిగితే, సున్నం పని, పాత గ్రిల్లు పని తెలిసిన మేస్త్రీల వివరాలు ఇవ్వగలిగితే, చాలామంది ముందుకొస్తారు. మెచ్చుకుంటే ఇల్లు నిలబెట్టుకునేవాళ్లు ఉన్నారు. వారసత్వ కట్టడాల పరిరక్షణకు పనిచేసే ఇంటాక్ సంస్థ హైదరాబాద్ శాఖ ఏటా ఇచ్చే హెరిటేజ్ అవార్డులు అందుకున్న ఇళ్లవాళ్లు ఆ ఫలకాన్ని ముందుగదిలో ఎంత అపురూపంగా పెట్టుకుంటారో చూస్తే మీకే తెలుస్తుంది.

ఇలాంటిది ఎక్కడా లేని వింత కూడా కాదు. అమెరికాలో చికాగో పక్కన ఓక్ పార్క్ అనే ఊళ్లో పేరున్న ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ లాయిడ్ రైట్ సొంత ఇల్లు, ఆయన ఇరుగుపొరుగుకు కట్టిన ఇళ్లు ఉన్నాయి. చెవిలో ఆడియో పెట్టుకుని జనం ఎవరికి వాళ్లు వీధులు తిరుగుతారు. ఆ ఇళ్లలో మామూలు కుటుంబాలు కాపురం ఉంటాయి కాబట్టి అందరూ బయటి నుంచే చూస్తారు. చికాగోలో ఉంటున్న మన తెలుగు కుటుంబాలు వచ్చిన చుట్టాలను అక్కడికి తీసుకెళ్తుంటాయి. అంత దూరం ఎందుకు, అహ్మదాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ 1997 నుంచి పాత బస్తీ పోళ్లలో, అంటే అక్కడి ఇరుకు సందుల వాడల్లో, హెరిటేజ్ వాక్ నడుపుతోంది. ఇరవై ఏళ్ల తర్వాత, 2017లో, ఆ నగరానికి యునెస్కో గుర్తింపు వచ్చింది. ముంబైలో మెరైన్ డ్రైవ్, ఓవల్ మైదాన్ వైపు ఆర్ట్ డెకో భవనాలకు 2018లో అదే గుర్తింపు వచ్చింది, దాని వెనక అక్కడి నివాసుల సంఘాల ఏళ్ల తరబడి కృషి ఉంది. మన నారాయణగూడ ఇళ్లు కూడా ఆ కాలం నాటివే. వాటి లెక్క కూడా మన దగ్గర సరిగ్గా లేదు.

మన దారి నేను ఊహించుకున్నంత వరకు మెట్రో మీదే నడిచిపోతుంది. చిక్కడపల్లిలోనో నారాయణగూడలోనో దిగితే ఇళ్లు. అదే గ్రీన్ లైన్‌లో చివరికి, ఎంజీబీఎస్ దాకా వెళ్తే మూసీ ఒడ్డు. అక్కడ హైకోర్టు, సిటీ కాలేజీ, ఉస్మానియా ఆసుపత్రి, అఫ్జల్‌గంజ్‌లో స్టేట్ సెంట్రల్ లైబ్రరీ, అన్నీ నడిచే దూరంలోనే. అసెంబ్లీ స్టేషన్‌లో దిగితే రవీంద్రభారతి. ఆర్ట్స్ కాలేజీకి ఆ పేరుతోనే ఎంఎంటీఎస్ స్టేషన్ ఉంది. ప్రతి స్టేషన్‌లో ఆ చుట్టుపక్కల భవనాల మ్యాప్ గోడ మీద వేస్తే, సాయంత్రం రైలు కోసం నిలబడిన కుర్రాడు ఆదివారం పొద్దున ఒకసారి వెళ్దామనుకుంటాడు. కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ దగ్గర ఇంకో ఆణిముత్యం ఉంది. సికింద్రాబాద్‌లో పుట్టిన చార్లెస్ కొరియా 1960ల చివర్లో అక్కడ కట్టిన ఆఫీసు భవనం. ఏసీ మీద ఆధారపడకుండా, పైన పందిరిలాంటి పెర్గోలా నీడతో ఎండను ఎలా ఆపొచ్చో చూపించారు. భద్రత దృష్ట్యా లోపలికి పోనివ్వరు కాబట్టి మ్యాప్‌లో దాని ఫొటో, డ్రాయింగ్ వేసినా చాలు. సికింద్రాబాద్ పిల్లాడు ప్రపంచం మెచ్చిన ఆర్కిటెక్ట్ అయ్యాడని మన స్కూలు పిల్లలకు తెలియాలి.

పని ఎవరు చేస్తారంటారా? మాసాబ్ ట్యాంక్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది. ఆర్కిటెక్చర్ విద్యార్థులు చదువులో భాగంగా పాత భవనాలకు టేపు పట్టి కొలతలు తీసి డ్రాయింగులు వేస్తారు. మార్కులు వేశాక ఆ షీట్లు బీరువాల్లోకి చేరతాయి. వాటిని బయటికి తీయించండి. ఏ ఇల్లు ఎవరు కట్టారో మున్సిపల్ రికార్డుల్లో, ప్లాన్ శాంక్షన్ కాగితాల్లో, ముసలివాళ్ల జ్ఞాపకాల్లో ఇంకా దొరుకుతుంది. పదేళ్లు ఆగితే ఆ ముసలివాళ్లు ఉండరు. తెలుగు, ఉర్దూ చదవగలిగే కుర్రాళ్లను జంటలుగా పంపితే రెండు భాషల్లోని కాగితాలూ బయటపడతాయి. పేరు నిర్ధారణ కాని చోట ఊహించి రాయొద్దు, ఏడు మాత్రమే వేయండి.

ప్రభుత్వ భవనాల విషయంలో ఒక జ్ఞాపకం చెప్పక తప్పదు. ఎర్రమంజిల్ అనే పాత ప్యాలెస్‌ను కూల్చి అసెంబ్లీ కట్టాలని మంత్రివర్గం నిర్ణయిస్తే, కొందరు పౌరులు కోర్టుకు వెళ్లారు. 2019 సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. ఏ పార్టీ ప్రభుత్వం అన్నది ఇక్కడ నా మాట కాదు. ఆ కేసు వచ్చేదాకా ఆ భవనం ముందు నుంచి వెళ్లే వేలమందికి అదేమిటో తెలియదు. కోర్టుకు వెళ్లేవాళ్లు ప్రతి భవనానికీ దొరకరు. ఉస్మానియా ఆసుపత్రికి గోషామహల్‌లో కొత్త భవనం కడుతున్నారు, రోగులకు అది చాలా అవసరం. అయితే మూసీ ఒడ్డున ఉన్న పాత భవనం ఖాళీ అయ్యాక దానికేమవుతుంది అన్న టెన్షన్ నాలాంటి వాళ్లకు ఉంది. దాని ముందు ఇప్పుడే ఒక బోర్డు నిలబెడితే, రేపు దాని మీద ఏ నిర్ణయం తీసుకున్నా జనానికి తెలిసే జరుగుతుంది.

అన్నీ ఒకేసారి అడగను. వచ్చే ఏప్రిల్ 18న, ప్రపంచ వారసత్వ దినోత్సవం నాటికి ప్రభుత్వం చేతిలో ఉన్న భవనాలకు బోర్డులు పెట్టించండి. ఆర్ట్స్ కాలేజీకి, రవీంద్రభారతికి, సిటీ కాలేజీకి, ఉస్మానియా ఆసుపత్రికి, సెంట్రల్ లైబ్రరీకి ఏ యజమాని ఒప్పుకోలూ అక్కర్లేదు, మీ శాఖ నుంచి ఒక లేఖ వెళ్తే చాలు. హైకోర్టు వారిని అడిగితే వాళ్లూ కాదనరని నా నమ్మకం. నారాయణగూడ, హిమాయత్‌నగర్ ఇళ్లకు మాత్రం ఒక ఏడాది టైం తీసుకోండి. ఇంటింటికీ వెళ్లి, కూర్చుని, భయాలు విని, ఒప్పించి చేయాల్సిన పని అది. ఆ పనికి మీ శాఖ ఒక అధికారిని పెడితే, ఆయన వెంట ఈ వీధులు తిరగడానికి, పెద్దవాళ్ల దగ్గర కూర్చుని ఇంటి కథ రాసుకోవడానికి నేనూ, నాతో పాటు ఈ చుట్టుపక్కల కాలనీల వాళ్లు కొందరూ సిద్ధంగా ఉన్నాం. మాకు జీతం వద్దు. ఐడీ కార్డు ఒకటి ఇప్పించండి, గేటు దగ్గర చూపించడానికి.

మీ జవాబు కోసం చూస్తుంటాను.

ఇట్లు,
భవదీయుడు,
హైదరాబాద్ నివాసి ఒకడు
నారాయణగూడ